హార్మోనియంతో క్రిస్మస్ పాటలు – 3వ పాఠం: ‘శుద్ధరాత్రి’

పోయిన పాఠంలో ‘జాయ్ టు ది వరల్డ్’ మొదటి వరస నేర్చుకున్నాం. పై షడ్జంలో మొదలై ఒక్కో స్వరమే దిగుతూ కింది షడ్జానికి చేరే అవరోహణ అది: స' ని ద ప మ గ రి స. ఐజాక్ వాట్స్ బైబిల్లోని 98వ కీర్తనను ఆధారం చేసుకుని రాసి 1719లో అచ్చువేసిన పాట. సంతోషవార్తను వీధిలో నిలబడి చాటినట్టు గొంతెత్తి మొదలుపెట్టాలి. హార్మోనియం ముట్టుకోకుండా ఆ దిగుడు పాడగలుగుతుంటే ఈ పాఠంలోకి రండి. ఇంకా ఎక్కడైనా జారుతుంటే అక్కడే నాలుగు రోజులు ఆగండి, నష్టమేమీ లేదు.

ఈసారి పాట పూర్తిగా వేరే స్వభావానిది. ‘శుద్ధరాత్రి’ (ఇంగ్లీషులో ‘సైలెంట్ నైట్’) జోలపాట. గొంతు తగ్గించి, నెమ్మదిగా, అవసరమైతే ఏ వాద్యమూ లేకుండా పాడగలగడమే ఈ పాఠంలో మనం సాధించాల్సిన పని. గట్టిగా పాడటం చాలామందికి వస్తుంది. మెల్లగా పాడుతూ శ్రుతి నిలుపుకోవడం సాధన చేస్తేనే వస్తుంది.

మొదట స్వరాలు. పక్కన గీత ఉన్నది పై స్థాయి స్వరం. కామా అంటే ముందున్న స్వరాన్ని ఇంకో మాత్ర (తాళంలో ఒక దెబ్బ) సాగదీయాలి. రెండు స్వరాల మధ్య అడ్డగీత ఉంటే మొదటిదాని మీద ఒకటిన్నర మాత్ర నిలిచి, రెండోదాన్ని అర మాత్రలో తాకి వెళ్ళిపోవాలి.

ప–ద ప | గ , , || ప–ద ప | గ , , ||
రి' , రి' | ని , , || స' , స' | ప , , ||
ద , ద | స'–ని ద || ప–ద ప | గ , , || (ఈ వరస రెండుసార్లు)
రి' , రి' | మ'–రి' ని || స' , , | గ' , , ||
స' ప గ | ప–మ రి || స , , | , , , ||

మొత్తం పన్నెండు ఆవర్తాలు (ఆవర్తం అంటే తాళం ఒక చుట్టు), ఆవర్తానికి ఆరు మాత్రలు, మూడు మూడుగా. తబలా తెలిసినవాళ్ళు దీన్ని దాద్రా అంటారు. తొడ మీద తాళం వేసుకుంటూ ఒకటో మాత్రకు కాస్త బరువు, నాలుగో మాత్రకు అంతకంటే తక్కువ బరువు ఇవ్వండి. ఉయ్యాల ఊపినట్టు ఉండాలి. ఆ ఊపు చేతికి అలవాటయ్యాకే మాటలు కలపండి.

స్వరాలన్నీ శంకరాభరణంలోవే. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి అక్కడే ఒక చిక్కు వస్తుంది: గాంధారం మీదా నిషాదం మీదా గొంతు దానంతట అదే ఊగుతుంది. ఈ పాటకు గమకం వద్దు. ముత్తుస్వామి దీక్షితార్ నోట్టుస్వరాలు పాడినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. పాశ్చాత్య బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కూర్చినప్పుడు స్వరాలను నిలకడగానే ఉంచారు. ఇక్కడా అంతే. స్వరం మీద నిలబడండి, తర్వాతి స్వరానికి తిన్నగా వెళ్ళండి.

ఇక మాటలు. ‘శు’ మీద ప, ద రెండూ పడతాయి. ‘ద్ధ’ మీద ప. ‘రా’ గాంధారంలో సాగుతుంది, ‘త్రి’ కూడా అక్కడే ముగుస్తుంది. ‘సద్ధణంగ’ (సద్దు అణగగా) కూడా అదే అచ్చులో పోస్తాం. ‘శుద్ధ దంపతుల్’ అన్నచోట ధైవతం దగ్గర మొదలై పై షడ్జాన్ని తాకి వెనక్కి వస్తాం. తర్వాతి ‘పరిశుద్ధుడౌ’ దగ్గర చాలామంది తడబడతారు, అక్షరాలు ఎక్కువ, చోటు తక్కువ. నేను నేర్పే పద్ధతి ఇది: ముందు వరస చివరి గాంధారం మూడు మాత్రలుంటుంది కదా, దాన్ని రెండు మాత్రలకే ఆపి, మూడో మాత్రలో ‘పరి’ పలికేయండి. అప్పుడు ‘శు’ సరిగ్గా తాళం మీద పడుతుంది.

శ్రుతి గురించి ఒక మాట. ఇంట్లో వేళ్ళు తిరగడానికి ఒకటో శ్రుతిలో పెట్టుకోండి, అన్నీ తెల్ల మెట్లే వస్తాయి. చర్చి సంఘంలో మాత్రం ఆ శ్రుతిలో ఎత్తుకోకండి. ఈ పాట కింది షడ్జం నుంచి పై మధ్యమం దాకా వెళ్తుంది, అంటే ఒక స్థాయి దాటి ఇంకో నాలుగు స్వరాల వ్యాప్తి. ఆ పై మధ్యమం మామూలు గొంతులకు అందక పిల్లలు అరుస్తారు, పెద్దలు పాడటం మానేస్తారు. కిందకి, ఒకటికి ఎడమవైపున్న నల్ల మెట్టు ఆరున్నరకు దించండి. రెండు మెట్లే తేడా అనిపిస్తుంది గానీ ఆరాధనలో ఉన్న అందరి గొంతూ కలుస్తుంది.

ఈ పాట ఎక్కడిదో తెలుసుకుంటే ఎలా పాడాలో సగం తెలిసిపోతుంది. యోసెఫ్ మోర్ అనే యువ క్యాథలిక్ గురువు 1816లో ఆస్ట్రియాలోని మరియాప్ఫార్‌లో దీన్ని పద్యంగా రాశారు. నెపోలియన్ యుద్ధాలు అప్పుడే ముగిశాయి, ఆ ఏడు ఐరోపాలో ఎండాకాలమే సరిగా రాలేదు, పంటలు పోయాయి. రెండేళ్ళ తర్వాత సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబెర్న్‌డోర్ఫ్‌లో, 1818 డిసెంబరు 24న, పక్క ఊరు ఆర్న్స్‌డోర్ఫ్ బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ చేతికి ఆ పద్యమిచ్చి బాణీ కట్టమన్నారు. ఆ రాత్రే సెయింట్ నికోలస్ గుడిలో పాడారు. రెండు గొంతులు, చివరి మాటలకు బృందం, తోడుగా ఒక గిటార్. ఎలుకలు కొరికి ఆర్గన్ పాడైందని ఒక కథ చెబుతుంటారు. గ్రూబర్ తానే 1854లో రాసిన వివరణలో ఆ ముక్క లేదు. నాకు ఆ కథ అవసరం కూడా అనిపించదు. నది ఒడ్డున పడవల మీద బతికే బీద జనం ఉన్న గుడిలో, తల్లి ఒడిలోని బిడ్డకు పాడే పాటకు గిటార్ చాలు.

తర్వాత జిల్లర్‌తాల్ లోయలోని గాయక కుటుంబాలు దీన్ని ఊరూరా మోశాయి. 1914 క్రిస్మస్ ముందు రాత్రి, మొదటి ప్రపంచ యుద్ధపు పశ్చిమ రంగంలో జర్మన్ సైనికులు కందకాల్లోంచి పాడితే అవతలి బ్రిటిష్ సైనికులు విని తమ పాటలు అందుకున్నారు. అక్కడ ఏ ఆర్గనూ లేదు. చీకట్లో మనుషుల గొంతులే.

ఇదంతా చెప్పడానికి నాకు ఇంకో కారణముంది. మా ఊళ్ళో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్‌కి బయల్దేరితే డోలక్, తాళాలు, గంజిరతో తెల్లవార్లూ ఒకటే సందడి. కాగితం నక్షత్రం పట్టుకుని పిల్లలు ముందు, వెనక స్త్రీల సమాజం, అందరి వెనక పాస్టరు అయ్యగారు. ప్రతి గుమ్మం ముందూ హుషారు పాటలే. అయితే ఆ ఏడాది ఎవరైనా పోయిన ఇల్లు వస్తే వీధి మలుపులోనే సంఘ పెద్ద చెయ్యెత్తేవారు. డోలక్ ఆగిపోయేది. తాళాలు చీరకొంగుల్లోకి వెళ్ళేవి. ఆ ఇంటి ముందు ‘శుద్ధరాత్రి’ ఒక్కటే పాడి, ప్రార్థన చేసి, ఇచ్చిన టీ తాగి కదిలేవాళ్ళం. మా తాతయ్య పోయిన సంవత్సరం ఆ పాట లోపలి నుంచి విన్నాను. అప్పటిదాకా కేరల్స్ వాళ్ళని రావద్దని చెప్పమంటున్న నాయనమ్మ లేచి వచ్చి గడపలో నిలబడింది. ఆమెకు చదువు రాదు, చరణాలన్నీ కంఠతా వచ్చు. ‘దివ్య నిద్ర పొమ్మా’ దగ్గర ఆమె చెయ్యి గాలిలో బిడ్డని జోకొడుతున్నట్టు కదిలింది.

దుఃఖంలో ఉన్న ఇంటికి ‘సంతోషించండి’ అని చెప్పడం కష్టం. ఈ పాట ఆ మాట అడగదు. లోకాన్ని చేసినవాడు పొత్తిగుడ్డల్లో, పశువుల తొట్టిలో, నిద్రపుచ్చేవాళ్ళు కావాల్సినంత చిన్నవాడై వచ్చాడని చెబుతుంది. లూకా సువార్త రెండో అధ్యాయం చదివిన ప్రతిసారీ నా విశ్వాసం అక్కడే ఆగుతుంది. అంత దగ్గరికి వచ్చినవాడు మన ఏడుపు ఉన్న గదిలోకి కూడా వస్తాడని నేను నమ్ముతాను. అందుకే వాద్యం లేకుండా ఈ పాట నిలబెట్టగలిగే గొంతులు ప్రతి సంఘంలో ఉండాలని నా కోరిక.

ఇప్పుడు కష్టమైన చోటు. నాలుగో వరసలో మొదటి ‘దివ్య నిద్ర’ దగ్గర పై మధ్యమం ఉంది. పాట మొత్తంలో ఎత్తైన స్వరం అదే. అక్కడ గొంతు పెంచితే జోల కాస్తా కేక అవుతుంది, పడుకున్న బిడ్డ లేస్తాడు. మెల్లగా అందుకోవడానికి మూడు పనులు చేయండి. మూడో వరస అయిపోగానే కడుపు నిండా ఊపిరి తీసుకోండి, భుజాలు లేపకూడదు. పై రిషభాన్నే తక్కువ గొంతుతో మొదలుపెట్టండి, అది గట్టిగా ఉంటే మధ్యమం ఇంకా గట్టిగా వస్తుంది. మధ్యమం మీద నోరు నిలువుగా తెరిచి, గడ్డం పైకెత్తకుండా ఉంచండి. మొదట ‘ఊ’ అనే శబ్దంతో రి' , రి' | మ'–రి' ని మాత్రమే పాడండి. గొంతు బిగిసినట్టు తెలిస్తే శ్రుతి ఇంకో మెట్టు దించి మళ్ళీ చేయండి. అక్కడ సులువయ్యాక ‘దివ్య నిద్ర’ మాటలు పెట్టండి.

ఆ వెంటనే వచ్చే పై గాంధారం మూడు మాత్రలు సాగుతుంది. చాలామంది దాన్ని మధ్యలోనే వదిలేస్తారు, ఊపిరి చాలదు. అక్కడ చాలకపోతే ‘పొమ్మా’ తునిగిపోతుంది కాబట్టి ముందు తీసుకున్న ఊపిరిని ‘దివ్య’ దగ్గరే ఖర్చు చేసేయకండి. చివరి వరసలో పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా దిగుతాం. దిగేకొద్దీ లయ నెమ్మదించాలి, శ్రుతి మాత్రం దిగకూడదు. వాద్యం లేకుండా పాడేటప్పుడు గొంతులు కిందికి జారేది ఇక్కడే. పాట ముగియగానే హార్మోనియం మీద షడ్జం నొక్కి సరిచూసుకోండి.

ఎడమ చేతికి బెల్లోస్ ఉంటుంది కాబట్టి కుడి చేతితో బాణీ వాయించడమా, గుత్తులు (మూడేసి స్వరాలు ఒకేసారి నొక్కడం) పట్టడమా అని అడుగుతారు. పాట వచ్చాక గుత్తులే పట్టండి. మూడు చాలు: స గ ప, మ ద స', ప ని రి'. మొదటి రెండు ఆవర్తాలకు స గ ప. మూడోదానికి ప ని రి', నాలుగోదానికి మళ్ళీ స గ ప. ఆ తర్వాత వరసలో మ ద స' ఒక ఆవర్తం, స గ ప ఒక ఆవర్తం, అదే ఇంకోసారి. ‘దివ్య నిద్ర’ కు ప ని రి', ‘పొమ్మా’ కు స గ ప. చివరి వరస మొదటి మూడు మాత్రలకు స గ ప, తర్వాతి మూడింటికి ప ని రి', ముగింపు స గ ప. ఆవర్తానికి ఒక్కసారి (చివరి వరస మొదటి ఆవర్తంలో మాత్రం రెండుసార్లు) నొక్కి వదలకుండా పట్టుకోండి, మధ్యలో అలంకారాలు వద్దు. గిటార్ ఒక్కటే తోడుగా పుట్టిన పాట కదా.

ఈ వారం సాధన ఇలా: మొదటి రెండు రోజులు స్వరాలు, తాళంతో. తర్వాత రెండు రోజులు నాలుగో వరస ఒక్కటే, ‘ఊ’ శబ్దంతోనూ మాటలతోనూ. ఆ పైన గుత్తులతో మొత్తం పాట. చివరి రోజు హార్మోనియం మూసేసి, ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని ఇద్దరూ పాడండి. ఒకరు బాణీ పాడితే రెండోవారు మొదటి రెండు ఆవర్తాల్లో మధ్యమం, షడ్జం మధ్య కింది గొంతు కలపొచ్చు: గ–మ గ | స , , . మిగతా కింది గొంతు వచ్చే పాఠంలో రాస్తాను. దానితోపాటు ‘ఓ సద్భక్తులారా’ మొదలుపెడదాం. అందులో షడ్జం నుంచి కింది పంచమానికి దూకాలి, కాబట్టి స ప స ప అని పై నుంచి కిందికి, కింద నుంచి పైకి రోజూ కాసేపు పాడుతూ ఉండండి.