బోర్డో రెడ్ వైన్: ముందు ఫ్రిజ్, తర్వాతే గ్లాసు
ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్ ఎవరైనా తెచ్చిస్తే వెంటనే మూత తీసేయకండి. రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు కదా, ఆ రూము ఫ్రాన్స్‌లోని చల్లటి పాత ఇంట్లోది. అంటే 16–18 డిగ్రీలు. మే నెలలో మన హైదరాబాద్ గది కాదు! ఆ వేడిలో ఆల్కహాల్ ఘాటు తప్ప పండు వాసన ముక్కుకు అందదు. ఓ అరగంట ఫ్రిజ్‌లో పెడితే చాలు.

ఈలోగా లేబుల్ చూడండి. మెడాక్, పోయాక్ అనే ప్రాంతాల పేర్లు ఉంటే బోర్డో నదుల ఎడమ ఒడ్డుది. అక్కడ గులకరాళ్ల నేల, బ్లెండ్‌లో, అంటే ద్రాక్ష రకాల మిశ్రమంలో, కాబెర్నే సావిన్యాన్ అనే ద్రాక్షదే పెద్దరికం. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేస్తుంది చూడండి, అలాంటి వగరు. పొమెరోల్ అని ఉంటే కుడి ఒడ్డుది. అందులో మెర్లో అనే ద్రాక్ష ఎక్కువ, కాస్త మెత్తగా దిగుతుంది. కొత్త వైన్ అయితే గాజు జగ్గులోకి వంపి గంటసేపు వదిలేయండి. బాగా పాతదైతే అంతసేపు వద్దు, అడుగున మడ్డి కదలకుండా నెమ్మదిగా వంపుకుంటే సరి.

పక్కన తినడానికి? పోయాక్ వాళ్లు లేత గొర్రె మాంసం రోస్ట్ చేసుకుంటారు. బోర్డోలో ఎండిన ద్రాక్ష కొమ్మల మంట మీద బీఫ్ కాల్చడం పాత అలవాటు. మాంసంలోని కొవ్వు, ప్రొటీన్ ఆ వగరును లొంగదీస్తాయి. నేనోసారి గోంగూర మటన్‌తో తాగాను. కారానికి వగరు తోడై నోరు మండిపోయింది, వైన్ రుచి మాత్రం తెలియలేదు. మిరియాలు, ఉప్పు, వెల్లుల్లి వేసి కాల్చిన మటన్ చాప్స్ అయితే చక్కగా కుదిరాయి.