మేకుల మధ్య సీసపు తూటా: ఇనుప తుక్కు నిండిన చోట మెటల్ డిటెక్టర్‌ను ఎలా సెట్ చేసుకోవాలి?

అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1863 చలికాలంలో ఉత్తరాది సైన్యం దాదాపు లక్షమందితో వర్జీనియాలోని బ్రాండీ స్టేషన్ చుట్టుపక్కల దిగింది. 1864 మే మొదట్లో కదిలేదాకా అక్కడే ఉంది. సైనికులు దుంగలతో, మట్టితో గుడిసెలు కట్టుకున్నారు, గుర్రాలకు నాడాలు కొట్టించుకున్నారు, ఖాళీ డబ్బాలు ఎక్కడివక్కడే పారేశారు. అలాంటి నేల మీద ఈ రోజు డిటెక్టర్ ఆన్ చేసి కాయిల్ (నేల మీద తిప్పే పళ్లెం లాంటి భాగం) దించితే మొదట వినబడేది మేకే. ఆ తర్వాతా మేకులే.

వాటి మధ్యలోనే ఇత్తడి గుండీలు, బెల్టు బకిల్స్, మినియే తూటాలు ఉంటాయి. మినియే తూటా అంటే సుమారు ముప్పై గ్రాముల సీసపు ముద్ద. ఖాళీ నేలలో దాన్ని ఏ మెషీనయినా ఇట్టే పట్టేస్తుంది. పక్కన రెండు తుప్పు మేకులుంటే మాత్రం అదే మెషీన్ దాని మీదుగా వెళ్లిపోయి, ఇక్కడ ఇనుమే ఉందని చెప్తుంది. నేను వాడేది మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 కాబట్టి అంకెలు దానివే చెప్తున్నాను. మిగతా మెషీన్లలో పేర్లు మారతాయి, పని ఒకటే.

ముందు అనుమతి సంగతి

జాతీయ పార్కుల్లోని యుద్ధభూముల్లోకి డిటెక్టర్ పట్టుకెళ్లడమే నేరం. ఫెడరల్ భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తువులను పర్మిట్ లేకుండా తవ్వి తీయడాన్ని 1979 నాటి చట్టం నిషేధించింది. మనకు మిగిలేవి ప్రైవేటు పొలాలు. యజమానిని అడిగి, కాగితం మీద రాయించుకోండి. నార్తర్న్ వర్జీనియాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఈ పొలాలు గంట, గంటన్నర డ్రైవ్. ఇండియా వెళ్లినప్పుడు కూడా ఊరి పాత కోట దగ్గర తిప్పుదామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. అక్కడ 1878 నాటి నిధి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. రక్షిత కట్టడాలకు మళ్లీ వేరే చట్టాలున్నాయి.

ఇంట్లో ఒక చెక్క, నాలుగు మేకులు

పొలానికి వెళ్లేముందు పెరట్లో ఒక సాయంత్రం కూర్చోండి. పెరట్లో కూడా పైపులు, పాత మేకులు ఉంటాయి కాబట్టి ముందు కాయిల్ తిప్పి సద్దు లేని చోటు వెతుక్కోండి. అక్కడ చెక్కపలక మీద ఒక సీసపు ముక్క పెట్టి, చుట్టూ రెండు మూడు అంగుళాల దూరంలో నాలుగు తుప్పు మేకులు పెట్టండి. కొత్త మేకులు వద్దు, బాగా తుప్పు పట్టినవే కావాలి. ఇప్పుడు ఒక్కో సెట్టింగు మార్చి వినండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఈ చెక్క నేర్పినంత నాకు ఏ మాన్యువలూ నేర్పలేదు.

కాయిల్ కూడా ఇక్కడే మార్చి చూడండి. మెషీన్‌తో వచ్చే 11 అంగుళాల కాయిల్ కింద ఒకేసారి నాలుగైదు మేకులు పడతాయి. 6 అంగుళాల కాయిల్ పెడితే లోతు తగ్గుతుంది, ఒక్కో వస్తువు విడిగా వినబడుతుంది. మేకులు దట్టంగా ఉన్న చోట నేను చిన్నదే వాడతాను.

డిస్క్రిమినేషన్ తీసేయండి

కొత్తవాళ్లు అందరూ చేసే పని, ఇనుము గోల భరించలేక దాన్ని డిస్క్రిమినేషన్‌తో, అంటే వద్దనుకున్న లోహాలను వినబడకుండా చేసే సెట్టింగుతో, నోరు మూయించడం. నేనూ ఆరు నెలలు అలాగే తిరిగాను. ప్రశాంతంగా ఉండేది, సంచీ ఖాళీగా ఉండేది.

ఇనుము మీద కాయిల్ వెళ్లినప్పుడు మెషీన్ కాసేపు దానితోనే సతమతమవుతుంది. ఆ కాసేపట్లో మీరు పక్కనున్న గుండీని దాటేస్తారు. ఇనుము మ్యూట్ అయి ఉంటే మీకు వినబడేది నిశ్శబ్దమే, అక్కడ ఏదో దాటిపోయిందన్న అనుమానం కూడా రాదు. ఈక్వినాక్స్‌లో గుర్రపునాడా బొమ్మ ఉన్న బటన్ నొక్కితే అన్ని లోహాలూ వినబడతాయి. ఆ తర్వాత ఇనుము టోన్ వాల్యూమ్‌ను బాగా తగ్గించండి, సున్నా మాత్రం చేయొద్దు. మేకులు అడుగున గొణుగుతూ ఉండాలి, పైన ఇత్తడి, సీసం పలకాలి. డోలు మోగుతుంటే సన్నాయి వినడం లాంటిది. డోలు ఆపాల్సిన పని లేదు, కాస్త మెల్లగా మోగితే చాలు. గారెట్ ఏటీ ప్రో డిటెక్టర్‌లో దీనికి ఐరన్ ఆడియో అనే ప్రత్యేక బటనే ఉంది. హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి.

రికవరీ స్పీడ్

ఒక వస్తువు సిగ్నల్ ముగించి, రెండోదానికి మెషీన్ ఎంత త్వరగా సిద్ధమవుతుందో అదే రికవరీ స్పీడ్. డ్యూస్ అనే డిటెక్టర్‌లో దీన్ని రియాక్టివిటీ అంటారు. ఈక్వినాక్స్ 800లో 1 నుంచి 8 దాకా, 600లో 1 నుంచి 3 దాకా ఉంటుంది. తక్కువలో పెడితే సిగ్నల్ పొడుగ్గా, లోతుగా వస్తుంది, పక్కదాన్ని కప్పేస్తుంది. ఎక్కువలో పెడితే శబ్దాలు కురచగా, టకటకా వస్తాయి, కొంత లోతు పోతుంది. మేకుల దిబ్బ మీద నేను 6తో మొదలుపెట్టి 7కు వెళ్తాను. 8లో నా చెవికి అన్నీ ఒకేలా చిటపటలాడతాయి. మీ చెవి వేరు కావచ్చు, చెక్క మీద చూసుకోండి.

ఐరన్ బయాస్

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒక సిగ్నల్‌లో కొంత ఇనుము, కొంత మంచి లోహం కలిసి వస్తే ఎటు తీర్పు చెప్పాలన్నది ఈ సెట్టింగు. ఈక్వినాక్స్ 800లో 0 నుంచి 9 దాకా ఉంటుంది. ఎక్కువ పెడితే అనుమానం ఉన్న ప్రతిదాన్నీ ఇనుము కిందే జమ కడుతుంది. తక్కువ పెడితే అనుమానం ఉన్నదాన్ని మీ ముందు పెడుతుంది. నోక్టా లెజెండ్ డిటెక్టర్‌లో ఇలాంటిదే ఐరన్ ఫిల్టర్, డ్యూస్‌లో సైలెన్సర్.

తూటాల కోసం 0 నుంచి 2 మధ్య ఉంచండి. దానికి మూల్యం ఉంది: వంగిన మేకులు, వాషర్లు, రేకు ముక్కలు కూడా మంచి టోన్‌తో మోసం చేస్తాయి. పెద్ద ఇనుప ముక్కయితే నిక్షేపంలా వెండి నాణెం నంబరు (లోహాన్ని బట్టి స్క్రీన్ మీద వచ్చే అంకె) చూపిస్తుంది. మొదటి రోజు ఓ ఇరవై మేకులయినా తవ్వుతారు. టెన్షన్ పడకండి, అది ఫీజు అనుకోండి.

సెన్సిటివిటీ, అంటే మెషీన్ ఎంత సన్నని సిగ్నల్‌కు స్పందించాలన్న సెట్టింగు, దాని గురించి రెండు మాటలు చాలు. డిఫాల్ట్ 20, గరిష్ఠం 25. బ్రాండీ స్టేషన్ ఉన్న కల్పెపర్ కౌంటీ ఎర్రమట్టిలో ఖనిజాలు ఎక్కువ, మెషీన్ నేలతోనే మాట్లాడుతూ ఉంటుంది. 16, 18 దగ్గర స్థిరంగా ఉంటే అక్కడే ఉంచండి. నాయిస్ క్యాన్సిల్ (బయటి విద్యుత్ గోలను తగ్గించడం), గ్రౌండ్ బ్యాలెన్స్ (మెషీన్‌ను ఆ నేలకు సర్దడం) రెండూ లోహం లేని చోట చేయాలి. ఈ మట్టిలో మరీ లోతుకు పోవాలనుకునేవాళ్లు పల్స్ ఇండక్షన్ మెషీన్లు వాడతారు. అవి ఇనుమును సరిగా వేరుచేయలేవు కాబట్టి మేకులన్నీ తవ్వే ఓపిక ఉండాలి.

పొలంలో

కాయిల్ నేలకు రాసుకుంటున్నంత దగ్గరగా, చీపురుతో ఊడ్చినంత నిదానంగా తిప్పండి. అనుమానం వచ్చిన చోట ఆగి, చిన్నచిన్నగా అటూఇటూ ఆడించండి. తర్వాత మీరు పక్కకు వెళ్లి, తొంభై డిగ్రీల కోణంలో మళ్లీ తిప్పండి. అన్నిసార్లూ అదే చోట స్పష్టంగా పలికితే మంచి లోహం. ఒకవైపు నుంచి మాత్రమే పలికి, తిరగ్గానే గొణుగులోకి జారిపోతే, లేదా పిన్‌పాయింట్ చేసినప్పుడు (వస్తువు కచ్చితంగా ఎక్కడుందో చూసినప్పుడు) చోటు జరిగిపోతే, మేకు కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. మేకు ఆనుకుని ఉన్న గుండీ కూడా ఒకవైపు నుంచే పలుకుతుంది. దిబ్బ మధ్యలో అలాంటిది దొరికితే నేను తవ్వుతాను. స్క్రీన్ మీద నంబరును ఇక్కడ నమ్మకండి, ఇనుము పక్కన అది ఎటుపడితే అటు గెంతుతుంది.

తవ్విన మేకుల్ని పారేయకుండా చూడండి. చదరంగా, సన్నబడుతూ పోయేవి కత్తిరించి చేసిన పాత మేకులు. గుండ్రటి తీగ మేకులు బాగా వాడుకలోకి వచ్చింది 1890ల నాటికి. గుడ్డ సంచీలో చదర మేకులే నిండుతుంటే సరైన చోటే ఉన్నారు. గుండ్రటివే వస్తుంటే అది ఎవరిదో తర్వాతి కాలపు కోళ్ల షెడ్డు.

ఒక చదరపు మీటరు తాడుతో గుర్తుపెట్టి, అందులో పలికిన ప్రతిదీ, ఇనుముతో సహా, తీసి చూడటం మంచి అభ్యాసం. పైనున్న మేకులు పోయాక అదే సెట్టింగుతో మళ్లీ తిప్పితే ఇంతకుముందు లేనివి పలుకుతాయి. తవ్విన గుంటలు మాత్రం పూడ్చి, గడ్డి గడ్డను తిరిగి అమర్చి రండి, పశువుల కాళ్లు విరుగుతాయి.

చివరగా ఒకటి. బలమైన ఇనుప సిగ్నల్‌కు తవ్వుతుంటే గుండ్రటిదో, సొరకాయలా కోసుగా ఉన్నదో, బాగా బరువైనది తగిలితే చెయ్యి తీసేయండి. ఫిరంగి గుండ్లలో మందు ఇంకా బతికే ఉండొచ్చు. 2008లో వర్జీనియాలోనే అనుభవమున్న ఒక సేకరణకర్త ఇంటి దగ్గర అలాంటి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. కదపకుండా, దూరంగా వచ్చి 911కు ఫోన్ చేయండి.