పక్కన నిలబడ్డ మనిషిని పట్టుకుని చూడండి

సినిమానో నవలనో పెయింటింగునో జాతి, జెండర్, సామాజిక న్యాయం కోణంలో చూద్దామనుకున్నప్పుడు చాలామంది ఇది మంచిదా చెడ్డదా అన్న తీర్పు దగ్గరే మొదలుపెడతారు. ఆ తొందర వద్దు. మొదటిసారి మామూలుగా చూసేయండి, ఏడుపొస్తే ఏడవండి. రెండోసారి మాత్రం పెన్నూ కాగితం పెట్టుకుని, కథలో పక్కన నిలబడ్డ ఒక్క మనిషిని ఎంచుకుని, చివరిదాకా ఆ మనిషినే గమనించండి. ఆ పాత్రకి పేరుందా? తనకంటూ ఏదైనా కోరిక ఉందా, లేక హీరో ఎంత మంచివాడో మనకి తెలియడానికే ఉందా?

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వర్డ్ మానే 1863లో వేసిన 'ఒలింపియా' మీద ఇది చేసి చూడండి. మంచం మీద నగ్నంగా పడుకుని మనవైపు సూటిగా చూసే తెల్ల స్త్రీ, వెనకాల పూలగుత్తి పట్టుకున్న నల్ల స్త్రీ. 1865లో పారిస్‌లో ప్రదర్శనకి పెట్టినప్పుడు పెద్ద గొడవైంది, ఆ తర్వాత వందేళ్లకి పైగా ఎక్కువమంది విమర్శకులు మంచం మీదున్నామె గురించే రాశారు. పూలు పట్టుకున్నామె, కాన్వాసు మీద అంత చోటు తీసుకుని కూడా, వాళ్ల కంటికి ఆనలేదు. ఆమె పేరు లోర్. మానే తన నోటుబుక్కులో ఆ పేరూ అడ్రసూ రాసుకున్నాడు. 2019లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం నల్లజాతి మోడళ్ల మీద పెట్టిన ప్రదర్శనలో ఈ బొమ్మకి తాత్కాలికంగా ఆమె పేరే పెట్టారు. ఆధారం అన్నేళ్లూ అక్కడే ఉంది, వెతకాలని అనిపించినవాళ్లే తక్కువ. నాకు కోపం వచ్చేది అందుకే.

సినిమా అయితే సౌండ్ తీసేసి ఒక సీన్ చూడండి, కెమెరా ఎవరి ముఖం మీద ఆగుతోందో ఎవరి శరీరం మీద పాకుతోందో వెంటనే తెలిసిపోతుంది. 1975లో సినిమా విమర్శకురాలు లారా మల్వీ 'మేల్ గేజ్', అంటే మగచూపు, అన్నది దీన్నే. ఇద్దరు ఆడవాళ్లు మగవాళ్ల గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకున్నారా అని అడిగే బెక్డెల్ టెస్ట్ 1985లో ఒక కామిక్‌లోంచి వచ్చింది. వందల సినిమాల్ని కలిపి చూడ్డానికి అది బాగా పనికొస్తుంది, ఒక్క సినిమా మీద తీర్పు చెప్పడానికి చాలదు.

ఎక్కువమంది తడబడేది ఇంకోచోట. పాత్ర నోట వచ్చిన ద్వేషమంతా రచయితదే అనుకోకూడదు. ఆ మాట అన్నాక కథ ఏం చేసింది, పడ్డవాళ్ల వైపు ఒక్క క్షణమైనా ఆగిందా, లేక నవ్వించి ముందుకెళ్లిపోయిందా, అది చూడండి.

కృతి బయట కూడా లెక్క తీయండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళ విభాగాల్లో స్త్రీ కళాకారులు 5 శాతం కూడా లేరనీ, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవేననీ గెరిల్లా గర్ల్స్ అనే స్త్రీవాద కళాకారుల బృందంవాళ్లు 1989లో పోస్టర్ వేశారు. వాళ్లు చేసిందల్లా వెళ్లి లెక్కపెట్టడమే.

రాసేటప్పుడు 'ఇది రేసిస్ట్ సినిమా' అని వదిలేయకుండా ఏ సీన్, ఎవరి డైలాగ్, కెమెరా ఎటుందో చెప్పండి. మీ నోట్సు పూర్తయ్యాక, ఆ కృతిలో ఎవర్ని చూపించారో ఆ సమూహంవాళ్లే రాసిన విమర్శ చదవండి, మీకు తట్టనిది కనీసం ఒకటైనా అందులో దొరుకుతుంది, అప్పుడు ఆ సీన్ మళ్లీ వేసుకుని చూడండి.