షవర్ కొనే ముందు ట్యాంకు ఎత్తు చూసుకోండి

షోరూంలో పళ్లెమంత రెయిన్ షవర్‌లోంచి నీళ్లు కుండపోతగా పడుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ అక్కడ వెనకాల పంపు తిరుగుతుంటుంది, మీ ఇంట్లో ఉన్నది డాబా మీద ట్యాంకు మాత్రమే. 10 మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్ ప్రెజర్ వస్తుంది. పై అంతస్తులో షవర్‌కీ ట్యాంకులో నీటిమట్టానికీ మధ్య 2 మీటర్లుంటే మీకొచ్చేది 0.2 బార్, అంతే. షవర్‌కి కనీసం ఎంత ప్రెజర్ కావాలో డబ్బా మీద చూడండి, లేకపోతే షాపువాణ్ని అడగండి, నీళ్లు నమిలితే వేరేది చూసుకోండి. ట్యాంకు నీళ్లకి చిన్న షవరే నయం.

పెద్దదే కావాలంటే ప్రెజర్ పంపు పెట్టించాలి, అయితే అది చన్నీళ్ల లైనుకీ గీజర్‌కి వెళ్లే లైనుకీ రెండింటికీ కలిపి ఉండాలి. చాలామంది ప్లంబర్లు ఒక్క చన్నీళ్లకే కలిపేసి చేతులు దులుపుకుంటారు. అప్పుడు వేణ్నీళ్లూ చన్నీళ్లూ కలిసే మిక్సర్ కుళాయిలో చన్నీళ్లు వేణ్నీళ్లను వెనక్కి తోసేస్తాయి, పంపు ఆగిన మరుక్షణం సలసలా కాగిన నీళ్లు నెత్తిన పడతాయి. పిల్లలున్న ఇంట్లో ఇది ఆటలు కాదు. రెండు లైన్లకీ నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వేయించండి, గీజర్ థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర ఉంచండి. గీజర్ మీద ఎన్ని బార్‌లు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, పంపు అంతకు మించకూడదు. గీజర్ దగ్గరున్న సేఫ్టీ వాల్వ్‌లోంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టే మహానుభావులూ ఉన్నారు, ఆ పని మాత్రం చేయనివ్వకండి.

ఇక త్రెడ్, అంటే పైపు చివర మర సంగతి. మన దగ్గర షవర్ పైపు అరంగుళం బీఎస్పీ, అంటే బ్రిటిష్ పద్ధతి మర. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే షవర్ ఎన్పీటీ, అంటే అమెరికా పద్ధతి మర. అంగుళానికి 14 చుట్లు రెండిట్లోనూ ఒకటే కాబట్టి మొదట్లో బాగానే ఎక్కుతుంది, కానీ చుట్టు కోణం ఒకదానికి 55 డిగ్రీలు, ఇంకోదానికి 60, అందుకే రెండు మూడు చుట్లయ్యాక బిగుసుకుపోతుంది. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి పానాతో లాగితే గోడలోపల పైపు మలుపులో ఉండే ఎల్బో చిట్లుతుంది, నెలల తర్వాత పక్క గదిలో పెయింటు ఉబ్బినప్పుడు గానీ తెలియదు. అడాప్టర్ దొరుకుతుంది, అది వాడండి. గోడలో షవర్ పైపు తగిలే చోట లోపల ఇత్తడి మర ఉన్న సీపీవీసీ (వేణ్నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) ఎల్బోనే వేయించండి, ఉత్త ప్లాస్టిక్ త్రెడ్ వద్దు.

బోరు నీళ్లయితే రబ్బరులా మెత్తగా ఉండే రంధ్రాలున్న షవర్ తీసుకోండి, ఉప్పు పేరుకుంటే బొటనవేలితో రుద్దితే రాలిపోతుంది. నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే, గోడలో దాగే డైవర్టర్‌కి లోపలి బాడీ, పైన ప్లేటు ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కొనండి. టైల్స్ వేసేలోపు పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీసుకుని, బిల్లుతో పాటు దాచండి.