బరువు తగ్గాలనుకునే స్త్రీలకు నడక, నూనె మర్దన: ఏది ఎందుకు, ఎలా చేయాలి

నూనె రాసి గట్టిగా పిసికితే పొట్ట దగ్గరి కొవ్వు కరిగిపోతుందన్న మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దని ముందుగా చెప్పాలి. చర్మం కింద పేరుకున్న కొవ్వు చేతి ఒత్తిడికి కరగదు. ఒంటికి శక్తి కావలసి వచ్చినప్పుడు అది విడివడి, రక్తంలో కలిసి, కండరాల్లో ఖర్చయి, చాలా భాగం ఊపిరితో బొగ్గుపులుసు వాయువుగా బయటికి పోతుంది. ఆ పని నడక, ఈత, సైకిలు వంటి ఏరోబిక్ (ఊపిరి, గుండె వేగం పెంచే) వ్యాయామానిది, దానికి తోడు తిండిది. మర్దన వల్ల కలిగే మేలు వేరు: పట్టేసిన పిక్కలు సడలి, నిద్ర బాగా పట్టి, మర్నాడు మళ్లీ నడవాలనిపిస్తుంది. ఒళ్లు నొప్పులకు భయపడి మొదటి వారంలోనే నడక మానేసేవారికి ఇది చిన్న మేలేమీ కాదు.

మొదలుపెట్టే ముందు నడుము కొలుచుకోండి. పరగడుపున నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిందే. నెలసరి తప్పుతున్నా, కారణం తెలియకుండా బరువు పెరుగుతున్నా ముందు థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) పరీక్షలు చేయించుకోవాలి. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవారు వైద్యుల సలహా తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

వారానికి కనీసం 150 నిమిషాల నడక లక్ష్యం. అయితే మొదటి వారం పూటకు పది నిమిషాల చొప్పున రెండు పూటలా నడిస్తే చాలు, ఆపై వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకోవచ్చు. నిమిషానికి సుమారు 100 అడుగులు పడాలి. పక్కవారితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. 70 కిలోల స్త్రీ గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 120 కేలరీలు, అంటే ఇంచుమించు రెండు ఇడ్లీలంత. అందుకే నడిచి వచ్చి మామూలుకన్నా ఎక్కువ తింటే ఆ శ్రమ ఫలితం దక్కదు. చెప్పులతో కాక బూట్లతో నడవండి. మోకాళ్లు నొప్పి పెట్టేవారికి ఈత, కదలని సైకిలు మేలు. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చుంటే తొడల కండ గట్టిపడుతుంది.

మర్దన వారానికి రెండుసార్లు, నడిచి వచ్చి చెమట ఆరాక చేసుకోవాలి. చిన్న గిన్నెలో రెండు మూడు చెంచాల నువ్వుల నూనె పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచితే నూనె గోరువెచ్చనవుతుంది. పొయ్యి మీద పెట్టనవసరం లేదు. చీలమండ నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి తొడ పైదాకా రెండు అరచేతులతో నిదానంగా పైకి రాయాలి, మోకాలి చిప్ప చుట్టూ మాత్రం గుండ్రంగా తిప్పాలి. పొట్ట మీద, భోజనమైన రెండు గంటల తరవాత, గడియారం ముల్లు తిరిగే వైపుగా తేలిగ్గా రాస్తే చాలు, నొక్కకూడదు. పావుగంట తరవాత సున్నిపిండితో నలుగు పెట్టుకుని స్నానం చేయవచ్చు. నూనె కాళ్లతో బాత్రూం గచ్చు మీద నడిస్తే జారిపడతారు కాబట్టి ముందు అరికాళ్లు తుడుచుకోండి. దినచర్యలో అభ్యంగనం (నూనె మర్దన), వ్యాయామం, నలుగు వరసగా చెప్పిన ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు వ్యాయామంతోపాటు నలుగుకూ మేదస్సును, అంటే కొవ్వును తగ్గించే గుణం ఉందన్నాడు. నేటి వైద్యం ఆ గుణాన్ని వ్యాయామం వరకే ఒప్పుకుంటుంది.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే అక్కడ మర్దన చేయనే వద్దు. అది రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం కావచ్చు, వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఉబ్బిన రక్తనాళాల మీద, జ్వరంలో, గర్భిణుల పొట్ట మీద, సిజేరియన్ కుట్లు పూర్తిగా మానక ముందు కూడా మర్దన కూడదు.

ఒంట్లోని నీటిని బట్టి బరువు రోజురోజుకూ అటూ ఇటూ అవుతుంది గనుక రోజూ తూచుకుని దిగులు పడకండి. వారానికి అరకిలో తగ్గినా మంచి వేగమే. నాలుగు వారాలకొకసారి అదే టేపుతో నడుము కొలిచి, పాల లెక్క రాసుకునే క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే అంకె వేసుకోండి.