మూడింటికి ఐస్ బకెట్
హైదరాబాద్‌లో మా వరి ల్యాబ్‌కి పొద్దున తొమ్మిదింటికి వెళ్లగానే నిన్న బ్యాక్టీరియా పెంచడానికి పెట్టిన ప్లేట్లు చూసుకుంటాను. మధ్యాహ్నం దాకా జెల్, పీసీఆర్ లాంటి డీఎన్‌ఏ పనులు, మెయిల్స్. అసలు పని మూడింటికి, బకెట్ నిండా ఐస్‌తో. వరిలోకి పంపాల్సిన జన్యువును ముందు ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్‌ఏలో) పెట్టి, ఈ. కోలి బ్యాక్టీరియాలో పెంచుకోవాలి. కొత్తవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

మైనస్ 80 ఫ్రీజర్‌లోంచి కాంపిటెంట్ సెల్స్ (బయటి డీఎన్‌ఏను లోపలికి తీసుకునేలా సిద్ధం చేసిన ఈ. కోలి) ట్యూబు తీసి ఐస్‌లోనే కరగనివ్వండి. ఒకటి రెండు మైక్రోలీటర్ల ప్లాస్మిడ్ వేసి వేలితో మెల్లగా తట్టండి. పిపెట్‌తో చిలకొద్దు, అది మజ్జిగ కాదు. అరగంట ఐస్‌లో ఉంచి, 42 డిగ్రీల నీళ్లలో 45 సెకన్లు పెట్టి, వెంటనే మళ్లీ ఐస్‌లోకి. ఆ 45 సెకన్లూ ఎవరు పిలిచినా నేను పలకను. రెండు నిమిషాలయ్యాక యాంటీబయాటిక్ లేని మీడియా (బ్యాక్టీరియాకు తిండి ద్రవం) పోసి, 37 డిగ్రీల షేకర్‌లో గంటసేపు ఉంచండి. ఈలోపు టీ తాగి రావచ్చు.

ప్లేట్లు పోసేటప్పుడు ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. అగర్ (ప్లేట్లలో గడ్డకట్టే జెల్లీ) పొగలు కక్కుతుండగానే, ప్లాస్మిడ్ లేని సెల్స్‌ను పెరగనివ్వని యాంటీబయాటిక్ ఆంపిసిలిన్ కలిపేశాను. మర్నాడు ప్లేటంతా పెరుగు తోడుకున్నట్టు బ్యాక్టీరియా! వేడికి మందు పాడైపోయింది. సీసా చేత్తో పట్టుకోగలిగేలా, 50 డిగ్రీలకు చల్లారాకే కలపండి. ప్లాస్మిడ్ వేయని సెల్స్‌తో ఒక కంట్రోల్ ప్లేటు కూడా పెట్టండి. దానిమీద ఏమీ మొలవకూడదు.

ఐదింటికి షేకర్‌లోని సెల్స్‌ను ప్లేట్ల మీద పరిచి, ప్లేట్లు బోర్లించి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే పొద్దున్నకి ఆవగింజల్లాంటి కాలనీలు. పెద్ద కాలనీ చుట్టూ చిన్నవి ముసురుకుంటే వాటిని తీసుకోకండి. అవి దాదాపుగా ప్లాస్మిడ్ లేనివే, పెద్దదాని చలవతో బతికేస్తుంటాయి.