ముసలి కుందేలుకి కిడ్నీ జబ్బు వస్తే ఇంట్లో ఎట్లా చూసుకోవాలి

మా కుందేలు సున్నుండకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. ఆ తర్వాత పదకొండు నెలలు మాతో ఉంది. నేను డాక్టర్ని కాను. తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి ముందుగదిలో మిషను కుట్టుకుంటాను. పగలంతా అది నా కాళ్ల దగ్గరే పడుకునేది కాబట్టి దాని ప్రతి కదలికా చూడగలిగాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇంట్లో పెంచే కుందేలు మామూలుగా 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఆరు దాటిందంటే ముసలిదనే అనుకోండి. మా జేజి వీటిని చెవులపిల్లులనేది. "నొప్పి వచ్చినా నోరు తెరవని జీవం అమ్మా" అనేది. ఆ మాట అక్షరాలా నిజం. వేటాడే జంతువుల కంటపడకుండా బతకాల్సిన ప్రాణి కదా, జబ్బుని చివరిదాకా దాచుకుంటుంది. కాబట్టి కనిపెట్టాల్సింది మనమే.

మాకు మొదట కనిపించింది నీళ్ల గిన్నె. రోజుకి ఒకసారి నింపేదాన్ని రెండుసార్లు నింపాల్సి వచ్చింది. ఏప్రిల్ నెల, ఎండలు కదా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే మూడు వారాలు పోయాయి. ఒకరోజు వీపు నిమురుతుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. బొచ్చు మీద చూస్తే ఏమీ తెలియలేదు. వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకుపోతే రక్తపరీక్షలో బయటపడింది. మీ కుందేలు ఎక్కువగా తాగుతూ, ఎక్కువగా ఉచ్చ పోస్తూ, చిక్కిపోతుంటే ఎండ అనుకుని ఆగకండి.

రోజూ పొద్దున ఒకే వేళకి తూకం వేయండి. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. దానిమీద చిన్న బుట్ట పెట్టి, అందులో కూర్చోబెడితే సరి. నేను తూకాన్ని గోడకున్న టీటీడీ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాసేదాన్ని. 1,640, 1,635, 1,640 గ్రాములు. వారంలో వంద గ్రాములు తగ్గితే డాక్టరమ్మకి ఫోను చేసేదాన్ని.

తూకం కన్నా ముందు మాట చెప్పేవి పెంటికలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు శెనగ గింజంత, గుండ్రంగా, చిదిమితే లోపల గడ్డి పొట్టు కనపడుతుంది. మిరియాలంత చిన్నవై, నల్లగా గట్టిపడితే తిండి తగ్గినట్టు. పన్నెండు గంటలుగా ఏమీ తినలేదు, పెంటికలూ వేయలేదంటే తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. కుందేలు పేగులు ఆగితే గ్యాసు నిండి గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. అది వాంతి కూడా చేసుకోలేదు. ఒంగి ముద్దలా కూర్చుని పళ్లు గట్టిగా కొరుకుతుంటే నొప్పి. నిమిరినప్పుడు సన్నగా పళ్లు ఆడిస్తే అది వేరు, అది సంతోషం. చెవులు చల్లబడితే థర్మామీటరు పెట్టి చూడండి. ఒళ్లు 101 నుంచి 104 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. వందకి దిగితే బొంతలో చుట్టి వెచ్చగా పెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

తిండి సంగతి. గడ్డే దాని అన్నం. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మనకి సులభంగా దొరికేది గరిక. గుడి దగ్గర పూలంగళ్లలో వినాయకుడికని కట్టలు అమ్ముతారు, రెండుసార్లు కడిగి, తడి ఆర్చి పెట్టేదాన్ని. కొత్తిమీర, పుదీనా కొద్దికొద్దిగా. పాకాల నుంచి మావాళ్లు ప్రేమగా చెనిక్కాయ కట్టె, అంటే కాయలు కోసేసిన వేరుశెనగ మొక్కలు, తెచ్చేవాళ్లు. వద్దని చెప్పాల్సి వచ్చింది. అందులోనూ, పశువులకి మేతగా వేసే లూసర్నులోనూ, మునగాకులోనూ కాల్షియం ఎక్కువ. కుందేలు తిన్న కాల్షియం చాలావరకు ఒంట్లోకి పోయి కిడ్నీల గుండా బయటికి రావాలి. పాడైన కిడ్నీలకి అది మోయలేని బరువు, ఉచ్చ సున్నపు నీళ్లలా చిక్కబడుతుంది. నీళ్లు సీసాలో కాకుండా వెడల్పు గిన్నెలో పెట్టండి, ఎక్కువ తాగుతుంది.

సెలైన్ ఎక్కించడం చాలామందిని భయపెడుతుంది. నన్నూ భయపెట్టింది. మా దానికి చర్మం కింద రోజుకి వంద మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ రాశారు. మీ దానికి ఎంతన్నది డాక్టరే చెప్పాలి, మొదటిసారి చేసి చూపించమని అడగండి. బాటిల్‌ని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, ముంజేతి మీద చుక్క వేసి చూసుకోవాలి. భుజాల మధ్య చర్మాన్ని పట్టి లేపితే గుడారంలా లేస్తుంది, సూది దాని మొదట్లో దిగాలి. ముప్పై ఏళ్లుగా సూది పట్టిన చెయ్యే మొదటి రోజు వణికింది. చర్మం జీన్సు గుడ్డలా ఒక్క క్షణం ఆపి, తర్వాత దిగింది. అయ్యాక నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది, మెల్లగా ఒక పక్కకి జారి కరిగిపోతుంది. కంగారు పడకండి.

తినడం మానితే, పేగులు మూసుకుపోలేదని డాక్టరు చెప్పాక, సిరంజితో పెట్టాలి. జబ్బు కుందేళ్లకి నీళ్లలో కలిపి పెట్టే క్రిటికల్ కేర్ పొడి దొరకనప్పుడు కుందేలు పెల్లెట్లని వేడినీళ్లలో నానబెట్టి, మిక్సీ వేసి, వడగట్టేదాన్ని. తువ్వాలులో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందుపళ్ల వెనక పక్కగా ఖాళీ ఉంటుంది, అక్కడ సిరంజి పెట్టి ఒక్క మిల్లీలీటరు వదిలి, మింగేదాకా ఆగాలి.

ఎండలు నలభై దాటే ఊరు మనది. కుందేలుకి ముప్పై దాటితేనే కష్టం. మిషను పక్కన ఒక కడపబండ ముక్క వేసి, గుడ్డ చుట్టిన ఐసు బాటిల్ ఆనించేదాన్ని. కీళ్లు పట్టేసిన కాళ్లు నున్నటి నేలమీద జారతాయి, చుట్టూ పాత బొంత పరవండి.

వెనక భాగం రోజుకి రెండుసార్లు చూడాలి. ముసలి కుందేలు వంగి శుభ్రం చేసుకోలేదు. తడిచిన బొచ్చులో ఈగ వాలితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. పడితే పట్టకారుతో తీస్తూ ఆస్పత్రికి వెళ్లండి. పశువుల పుండ్లకి పోసే టర్పెంటైన్ దీనికి పోయొద్దు.

ఇది చెప్పకుండా ఉండలేను. సున్నుండ కన్నా ముందు మాకొక తెల్ల కుందేలుండేది. తుమ్ములొస్తే ఒకచోట పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చారు, నా చేత్తోనే పోశాను. నాలుగో రోజు విరేచనాలై చనిపోయింది. అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుడుతుంది. కుక్కల పేలకి వాడే ఫిప్రోనిల్ కూడా వేయకూడదు. మనుషుల నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వకూడదు. కుక్కల డాక్టర్లందరికీ కుందేళ్లు తెలిసి ఉండాలని లేదు, "ఇది కుందేలుకి ఇవ్వొచ్చా సార్" అని అడగడానికి మొహమాటపడకండి.

చివరి రోజులకి ముందే ఒక మాట అనుకోవాలి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయీ నేనూ ఫోనులో అనుకున్నాం: దానికి ఇష్టమైనవి గరిక, కొత్తిమీర, మిషను చప్పుడుకి లేచి రావడం. ఈ మూడూ వరసగా రెండు రోజులు లేకపోతే ఇక దాన్ని బాధపెట్టం. మార్చిలో ఆ రోజు వచ్చింది. డాక్టరమ్మ ముందు మత్తు ఇచ్చి, తర్వాత ఇంజెక్షన్ ఇచ్చింది. నా ఒళ్లోనే ఉంది.

జంట కుందేలుంటే దాన్ని కాసేపు శవం పక్కన వదలండి, లేకపోతే రోజుల తరబడి వెతుకుతుంది. పూడ్చేటప్పుడు మూడడుగులకి తగ్గకుండా తవ్వాలి, కుక్కలు తోడేస్తాయి. మేం పాకాల చేలో మామిడిచెట్టు కింద పెట్టి, పైన ఆ కడపబండ ముక్క పరిచాం.